మేట్రన్ కుర్చీ పోయి, మళ్ళీ వచ్చిన కథ

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో బ్యాండ్ 5 (కొత్త నర్సు మొదలుపెట్టే జీతం మెట్టు) స్టాఫ్ నర్సుగా చేరి, ఏదో ఒకరోజు నర్సులందరికీ పెద్ద అయిన చీఫ్ నర్స్ కావాలనుకునేవాళ్ళు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ దారి ఒకసారి వేశారు, తర్వాత తవ్వేశారు, మళ్ళీ వేశారు.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ స్కూలు పెట్టింది. నర్సుల మీద అజమాయిషీ నర్సు చేతిలోనే ఉండాలి, డాక్టర్ల చేతిలోనో ఆఫీసువాళ్ళ చేతిలోనో కాదు అన్నది ఆమె పట్టుదల. ఆసుపత్రి నర్సులందరి మీదా అజమాయిషీ చేసే మేట్రన్ మాటకు అంత బలం వచ్చింది అక్కడే. ఆవిడ రౌండ్స్‌కి వస్తోందంటే చాలు, మంచాల చక్రాలన్నీ ఒకే వైపు తిప్పి, దిండు గలీబు తెరిచి ఉన్న వైపు తలుపు దగ్గరికి కనపడకుండా సర్ది, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. భయం ఉండేది, నిజమే. కానీ వార్డు శుభ్రంగా లేకపోతే ఎవర్ని అడగాలో అందరికీ తెలుసు.

1966లో ఆసుపత్రి నర్సుల హోదాలపై ప్రభుత్వం వేసిన సాల్మన్ కమిటీ నివేదిక వచ్చి మేట్రన్ అన్న పేరునే తీసేసింది. దాని బదులు అంకెల నిచ్చెన వేసింది: వార్డు సిస్టర్ 6, పైన నర్సింగ్ ఆఫీసర్ 7, చిట్టచివర చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ 10. నర్సుకి మేనేజ్‌మెంట్‌లో దారి దొరికింది గానీ, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ రోగి మంచానికి దూరమైపోయింది. ఈ చిక్కు ఇప్పటికీ తెగలేదని నా అభిప్రాయం.

1974 మార్పులతో జిల్లా మేనేజ్‌మెంట్ టీముల్లో డాక్టర్లతో సమానంగా నర్సుకీ కుర్చీ వచ్చింది. అది పదేళ్ళు కూడా సరిగ్గా నిలవలేదు. 1983లో సెయిన్స్‌బరీస్ సూపర్ మార్కెట్ల నుంచి, ఎన్‌హెచ్‌ఎస్ నిర్వహణ ఎలా ఉందో చూడమని ప్రభుత్వం పిలిస్తే వచ్చిన రాయ్ గ్రిఫిత్స్ తన నివేదికలో, నైటింగేల్ ఇవాళ దీపం పట్టుకుని ఈ వరండాల్లో తిరిగితే ఇక్కడ బాధ్యులెవరని వెతుక్కుంటుందన్న అర్థంలో రాసి, ప్రతిచోటా ఒక జనరల్ మేనేజర్ ఉండాలన్నాడు. జబ్బును సరిగ్గానే పట్టుకున్నాడు, కానీ మందు నర్సుల నెత్తిన పడింది, చాలామంది సీనియర్ నర్సులు సలహాదారులుగా మిగిలిపోయారు. కడుపు మండిన నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 1986లో దీనికి వ్యతిరేకంగా పేపర్లలో ప్రకటనలే వేసింది.

1991లో ట్రస్టులు (ఆసుపత్రుల్ని సొంత బోర్డుతో నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థలు) వచ్చాక బోర్డులో ఒక నర్సు డైరెక్టర్ ఉండి తీరాలని నిబంధన పెట్టారు. 2001 నుంచి మేట్రన్లూ తిరిగొచ్చారు, వార్డు శుభ్రతకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలని జనం గట్టిగా అడిగారు కాబట్టి.

అయినా మిడ్ స్టాఫర్డ్‌షైర్ ట్రస్టు ఆసుపత్రిలో రోగుల్ని ఘోరంగా నిర్లక్ష్యం చేసిన ఉదంతం జరిగింది. కొందరు రోగులకి మంచినీళ్ళు కూడా అందలేదని దాని మీద విచారణ జరిపి ఇచ్చిన 2013 ఫ్రాన్సిస్ నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆ బోర్డులోనూ నర్సింగ్ డైరెక్టర్ కుర్చీ ఉంది. అంటే కుర్చీ ఒక్కటే సరిపోలేదు. ఆ తర్వాతే, ఏ వార్డులో ఎంతమంది నర్సులు ఉండాలి, నిజానికి ఎంతమంది ఉన్నారు అన్న లెక్క బోర్డు ముందు పెట్టి జనానికీ చూపించాలన్న పద్ధతి వచ్చింది. ఆ లెక్క చూపించి, వీళ్ళు చాలరు అని నోరు తెరిచి చెప్పాల్సింది ఆ కుర్చీలో కూర్చున్న నర్సే.