యెన్ పడింది, జపాన్ కిక్కిరిసింది

రామెన్ అమ్మే జపాన్ హోటళ్లవాళ్లకు ఎప్పుడూ ఒక టెన్షన్. నూడుల్స్ గిన్నె ధర వెయ్యి యెన్లు దాటితే రోజూ వచ్చే గిరాకీ మొహం చాటేస్తుందని వాళ్ల భయం. దానికి 'వెయ్యి యెన్ల గోడ' అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఆ గిన్నెనే డాలర్లలో లెక్కేద్దాం. 2012లో డాలరుకు సుమారు 80 యెన్లు వచ్చేవి. అంటే గిన్నె పన్నెండున్నర డాలర్లు. 2024 జులైలో డాలరు 160 యెన్లు దాటింది. అదే గిన్నె ఆరుంపావు డాలర్లకు దిగింది. ఆ పన్నెండేళ్లలో జపాన్‌కు వచ్చిన విదేశీయులు ఏడాదికి దాదాపు 84 లక్షల నుంచి 3 కోట్ల 68 లక్షలకు చేరారు.

ఇదంతా యెన్ మహిమే అనలేం. 2013లో థాయిలాండ్, మలేషియా వాళ్లకు వీసా అక్కర్లేదన్నారు. చవక విమానాలు పెరిగాయి. ఆసియాలో మధ్యతరగతి చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కానీ చేతిలో డబ్బు ఉన్నా, అది అక్కడ ఎంతకు చెల్లుతుందన్నది వేరే లెక్క. 2009 చూడండి. ప్రపంచమంతా మాంద్యం, పైగా భయపడ్డ పెట్టుబడిదారులు యెన్‌లో దాక్కోవడంతో దాని విలువ పెరిగింది. జేబు చిక్కింది, జపాన్ ప్రియమైంది. అంతకుముందు ఏడాది 83 లక్షలు దాటిన సందర్శకులు 68 లక్షలకు పడిపోయారు.

యెన్ ఎందుకు పడింది? దీని వేరు వాషింగ్టన్‌లో ఉంది. ధరలు అదుపు చేయడానికి అమెరికా కేంద్ర బ్యాంకు 2022 మార్చిలో వడ్డీ పెంచడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది జులైకి ఐదు శాతం దాటించింది. జపాన్ బ్యాంకేమో 2024 మార్చి దాకా సున్నాకంటే దిగువనే ఉంచింది. వడ్డీ ఎక్కడ ఎక్కువొస్తే సొమ్ము అక్కడికి పోతుంది. యెన్లు అమ్మి డాలర్లు కొన్నారు, యెన్ జారింది. కరెన్సీ పడితే బయటివాళ్లకు ఆ దేశపు సరుకు చవకవుతుంది, ఎగుమతులు పెరుగుతాయి. ఆర్థికవేత్తలు పర్యాటకాన్ని కూడా ఎగుమతిగానే లెక్కిస్తారు. కాకపోతే ఇక్కడ సరుకు కదలదు, కొనేవాడే విమానమెక్కి వస్తాడు.

మరి మనకెంత లాభం? 2012లో ఆ గిన్నె మన డబ్బుల్లో సుమారు 660 రూపాయలు. 2024 జులైలో 520. డాలస్‌లో ఉన్న తమ్ముడికి సగానికి సగం తగ్గితే, హైదరాబాద్‌లో ఉన్న అన్నకు తగ్గింది ఐదో వంతే. డాలరు ముందు యెన్‌తో పాటు మన రూపాయి కూడా జారింది మరి. 'జపాన్ చవక' అని ఎవరైనా అంటే, జీతం ఏ కరెన్సీలో వస్తుందో ముందు అడగాలి.

చవక బేరానికి ఊళ్లు కూడా విసిగిపోతాయి. ఫుజి కొండ దగ్గర ఫుజికవాగుచికో అనే పట్టణంలో ఒక లాసన్ దుకాణం ఉంది. దాని వెనక కొండ కనిపించేలా ఫొటో దిగాలని జనం రోడ్డుకు అడ్డంపడి నిలబడేవారు. చెత్త, ట్రాఫిక్. చెప్పి చెప్పి విసిగిన మున్సిపాలిటీ 2024 మేలో రెండున్నర మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవున నల్లటి తెర కట్టేసింది. కొద్ది రోజులకే దానికి చిల్లులు పడ్డాయి, ఫోన్ కెమెరా దూరేంత.

జపాన్ వాళ్ల ప్రయాణాల మాటేమిటి? 2019లో రెండు కోట్లమంది విదేశాలకు వెళ్తే, 2024లో వెళ్లింది 1 కోటి 30 లక్షలే. వాళ్లకు పుట్టిల్లులాంటి హవాయికి 2019లో 15 లక్షల పైచిలుకు వెళ్లేవారు. 2024లో అందులో సగం కూడా లేరు. అక్కడ 20 డాలర్ల భోజనం అంటే 2024 జులై రేటున వాళ్ల లెక్కలో 3,200 యెన్లు, ఇంటి దగ్గరైతే మూడు గిన్నెల రామెన్.