పావుగంటలో అయిపోయే కోటా

"రోజంతా మిషన్ల మోతలోనే పని. మొదట్లో తల పగిలిపోయేది, ఇప్పుడు అలవాటైపోయింది. ఇక చెవులకేం భయం లేనట్టేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

భయం ఉంది. అలవాటు పడేది మనసు, చెవి కాదు. ఈ "అలవాటైపోయింది" అన్న నమ్మకం ఎన్నో చెవులను పాడుచేసింది. మోత మునుపటంత గట్టిగా వినబడటం లేదంటే వినికిడి కొంత తగ్గి ఉండొచ్చు, పరీక్ష చేయించుకోవాలి.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్దానికి వాటి రోమాలు ఊగగానే సన్నని ద్వారాలు తెరుచుకుని పొటాషియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. నరానికి కబురు వెళ్లేది అలాగే. మితిమీరిన మోతకు ఈ కణాలు దెబ్బతిని చచ్చిపోతాయి. పక్షుల్లో మళ్లీ పుడతాయి, మనలో పుట్టవు. నష్టం సాధారణంగా మొదట కనిపించేది 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నగా, కీచుగా ఉండే శబ్దాల్లో. అందుకే మాట వినబడుతుంది కానీ అందులో హల్లులు సరిగా అందవు.

నన్ను కట్టిపడేసేది మాత్రం శబ్దం ఎంత గట్టిదో కొలిచే డెసిబెల్ లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. లాగరిథమ్స్ పాఠం ఇక్కడే మొదలుపెడితే ఏ విద్యార్థీ మరిచిపోడు! పనిచోట భద్రత, ఆరోగ్యాలపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. చెవికి ఒక రోజు కోటా అదే అనుకోండి. 88 అయితే 4 గంటలకే కోటా అయిపోతుంది. 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట.

ఇప్పుడు 100 డెసిబెల్స్ మోతలో 8 గంటల షిఫ్టు ఊహించండి. మీ చెవి ప్లగ్ నిజంగా 30 డెసిబెల్స్ ఆపుతోంది. లోపలికి వెళ్లేది 70 మాత్రమే, దిగుల్లేదు. కానీ ఎవరితోనో మాట్లాడటానికి మధ్యమధ్యలో ప్లగ్ తీశారు, అన్నీ కలిపి పావుగంట. ఆ పావుగంటలోనే రోజు కోటా మొత్తం ఖర్చు! ప్లగ్ పెట్టుకున్న 7 గంటల 45 నిమిషాల్లో ఖర్చయ్యేది మహా అయితే 3 శాతం. 30కి బదులు 40 డెసిబెల్స్ ఆపే ప్లగ్ తెచ్చుకున్నా మిగిలేది ఆ 3 శాతంలోనే. అదే 15 డెసిబెల్స్ మాత్రమే ఆపే మామూలు ప్లగ్‌ను అసలు తీయకుండా ఉంచుకుంటే? లోపలికి 85, 8 గంటలకు సరిగ్గా ఒక కోటా. అంటే ఖరీదైన ప్లగ్‌ను పావుగంట తీయడం, సాదా ప్లగ్‌ను తీయకపోవడం దాదాపు ఒకటే. కాబట్టి మాట్లాడాల్సి వస్తే ముందు మోతకు దూరంగా వెళ్లి, అక్కడ ప్లగ్ తీయండి.

వదులుగా పెట్టినా ఇంతే నష్టం. ఫోమ్ ప్లగ్‌ను ముడతలు లేకుండా సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. తర్వాత రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి చూడండి. మోత ఇంకా బాగా తగ్గినట్టనిపిస్తే ప్లగ్ సరిగా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టుకోండి.