మోరల్ పీరియడ్ నుంచి కౌన్సెలర్ గది దాకా

వంద మందికి తగ్గకుండా పిల్లలు చదివే ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని 2025 జులై 25న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన విశాఖపట్నం నుంచి వెళ్లిందే. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. దర్యాప్తు సీబీఐకి అప్పగించమని తండ్రి కోర్టు మెట్లెక్కాడు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఆ పని చేసి ఊరుకోకుండా బళ్లకు, కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు కలిపి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టకూడదు. నలుగురిలో చిన్నబుచ్చకూడదు. పిల్లల మనసు బాగాలేనప్పుడు ఎలా గుర్తుపట్టాలో సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉంటాయి.

ఆ తీర్పులో జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ఒకటి ఉంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో 2,248 మంది విషయంలో కారణం అన్నచోట పరీక్ష తప్పడం అని రాసి ఉంది.

కౌన్సెలర్ అన్న మాట కొత్తగా వినబడుతోంది గానీ, పిల్లల మనసు సంగతి బడి చూసుకోవాలన్న ఆలోచన పాతదే. మన దేశంలో దానికి అరవై ఏళ్లు దాటాయి. పేరు మారుతూ వచ్చింది, పుస్తకం మారుతూ వచ్చింది. సిలబస్ వెనకబడినప్పుడు ముందుగా ఎగిరిపోయే పీరియడ్ మాత్రం ఎప్పుడూ అదే.

మొదట దాన్ని నీతిబోధ అన్నారు. 1959లో కేంద్రం వేసిన శ్రీప్రకాశ కమిటీ బళ్లలో నైతిక విద్య ఉండాలంది. తర్వాత 1964–66లో కొఠారీ కమిషన్ ఇంకొంచెం స్పష్టంగా, వారానికి ఒకటో రెండో పీరియడ్లు ఇందుకు కేటాయించమంది. మా హైస్కూలు టైమ్‌టేబుల్లో ఉన్న ‘మోరల్’ ఆ వంశంలోదే. శుక్రవారం ఆఖరి పీరియడ్. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి “ఇప్పుడేం క్లాసురా?” అనేవారు. “మోరల్ సార్” అనేవాళ్లం. “అయితే లెక్కల నోట్సు తియ్యండి.” ఏడాదికి నాలుగైదుసార్లు ఆ పీరియడ్ నిజంగానే జరిగేది. కోపం మీద శతక పద్యం అప్పజెప్పించేవాళ్లు, కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టమనేవాళ్లు. సలహా చెడ్డదేం కాదు. కాకపోతే అసలు నీకు వచ్చింది కోపమేనా, లేక పక్కవాడి ముందు చెంపదెబ్బ తిన్న సిగ్గా అని అడిగినవాళ్లు లేరు.

ఆ ప్రశ్న బడి పుస్తకాల్లోకి 1990ల్లో వచ్చింది. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలని పది చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించడం లాంటివాటితో పాటు భావోద్వేగాలను తట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం అనే రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ పది మన బళ్లలోకి నేరుగా రాలేదు, ఎయిడ్స్ నివారణ బండెక్కి వచ్చాయి. 2005లో కేంద్రం మొదలుపెట్టిన కౌమార విద్యా కార్యక్రమంలో శరీరంలో వచ్చే మార్పులు, హెచ్‌ఐవీ, స్నేహాలు, కోపతాపాలు అన్నీ కలిసే ఉన్నాయి. 2007లో ఇది లైంగిక విద్య అంటూ గొడవ లేచి, కొన్ని రాష్ట్రాలు ఆ కార్యక్రమాన్నే ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బళ్లలో లైంగిక విద్య వద్దని నివేదిక ఇచ్చింది. ఆ వాదనలో ఎవరి పక్షం సరైనదన్న సంగతి అలా ఉంచితే, కార్యక్రమం ఆగినచోట కోపం గురించి, దిగులు గురించి ఉన్న పేజీలూ దాంతోపాటే బీరువాలోకి వెళ్లాయి.

అదే 2009లో సీబీఎస్ఈ నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చింది. పిల్లల ఆలోచనా నైపుణ్యాలకు, సామాజిక నైపుణ్యాలకు, ‘భావోద్వేగ నైపుణ్యాలకు’ గ్రేడు వెయ్యమంది. సినిమావాళ్లు ఎమోషన్ పండింది, పండలేదు అంటారు. ఇక్కడ ఎమోషన్‌కు ఏకంగా ఏ, బీ, సీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011 ప్రణాళిక పత్రంలో ‘విలువల విద్య – జీవన నైపుణ్యాలు’ అని ఒక సహపాఠ్య విషయం చేరింది. ఈ గడులు ఎలా నిండేవో టీచర్లందరికీ తెలుసు. రికార్డులు అప్పజెప్పాల్సిన ముందురోజు సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఒకరు రోల్ నంబర్లు చదువుతుంటే ఇంకొకరు పైనుంచి కింది వరకూ ఒకే పెన్నుతో ‘ఏ’ రాసుకుంటూ పోయేవాళ్లు. అల్లరి పిల్లలకు మాత్రం ‘బీ’.

ఇదంతా పదో తరగతి లోపు కథ. తెలుగు నేల మీద అసలు వేడి ఆ తర్వాతి రెండేళ్లలో ఉంది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. తెల్లారకముందే లేపుడు, రాత్రి దాకా స్టడీ అవర్, వారాంతపు పరీక్ష, దాని ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పుస్తకాలు మోసుకుంటూ కారిడార్‌లో నడిచిన పిల్లాడికి ఏమనిపించిందో ఏ ప్రోగ్రెస్ రిపోర్టులోనూ గడి లేదు. వరస మరణాల తర్వాత 2001లో ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీ వేసింది. 2017లో ఆంధ్రప్రదేశ్ చక్రపాణి కమిటీ వేసింది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి మళ్లీ దిద్దితే 99 వచ్చాయి. ఈలోగా వారం పదిరోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు అందరం మార్కుల తప్పు గురించే మాట్లాడుకున్నాం. అందులో న్యాయం ఉంది. కానీ ఫలితం చూసుకున్న సాయంత్రం ఆ పిల్లల పక్కన ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న వెనకబడింది.

ఈ మధ్యలో సంతోషం కూడా పాఠమైంది. 2018 జులై 2న దలైలామా చేత ఢిల్లీ ప్రభుత్వం ‘హ్యాపీనెస్ కరికులమ్’ ప్రారంభింపజేసింది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకో పీరియడ్, పరీక్ష లేదు, హోంవర్క్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘ఆనంద వేదిక’ పేరుతో ప్రభుత్వ బళ్లలో ఇలాంటిదే వచ్చింది. ఢిల్లీ పాఠం గురించి నాకు ఒకటే అనుమానం. పిల్లలు గదిలోకి వెళ్లి తలుపేసుకునే వయసు తొమ్మిదో తరగతితో మొదలవుతుంది, సరిగ్గా అక్కడే ఆ పీరియడ్ ఆగిపోయేలా పెట్టారు.

2020 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య, విద్యా శాఖలు కలిసి బడి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టాయి. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు’, వారానికో గంట, 11 అంశాలు. భావోద్వేగ క్షేమం, మానసిక ఆరోగ్యం వాటిలో ఒక అంశం. అదే ఏడాది కరోనా కాలంలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం కేంద్రం కార్యక్రమం ‘మనోదర్పణ్’ వచ్చింది. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ అనే హెల్ప్‌లైన్ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాల్సింది.

2022 మొదట్లో ఎన్‌సీఈఆర్‌టీ 6 నుంచి 12 తరగతుల పిల్లలు 3,79,842 మందిని అడిగింది. చదువు, పరీక్షలు, ఫలితాలే ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు. మూడ్ ఉన్నట్టుండి మారిపోతుందన్నవాళ్లు 43 శాతం. నన్ను ఆపింది ఇంకో అంకె. ప్రశ్న అడగాలంటే జంకుతామని 28 శాతం మంది అన్నారు. పాఠంలో సందేహమే అడగలేనివాళ్లు మనసులో గుబులు సంగతి ఎవరికి చెప్తారు?

చెప్పాలన్నా మాట కావాలి. ‘భావోద్వేగం’ అని ఏ పిల్లాడూ అనడు, అది పాఠ్యపుస్తకం మాట. పిల్లల దగ్గరున్నవి రెండే: టెన్షన్, మూడ్ ఆఫ్. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు బళ్ల కోసం ‘మూడ్ మీటర్’ అని నాలుగు రంగుల పటం చేశారు. ఎరుపు గడిలో కోపం, కంగారు. నీలంలో దిగులు. పసుపులో హుషారు. ఆకుపచ్చలో నెమ్మది. పిల్లలు పొద్దున్నే తామున్న గడి ఏదో వేలుపెట్టి చూపిస్తారు. దీని వెనక శాస్త్రం కొంత ఉంది. మెదడులో తొందరపెట్టే భాగం పదమూడు, పద్నాలుగేళ్లకే చురుగ్గా ఉంటుంది, పగ్గం వేసే ముందు భాగం పాతికేళ్లు దగ్గరపడేదాకా పెరుగుతూనే ఉంటుంది. కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తూ, ఆ భావాన్ని మాటలో పెట్టమని అడిగినప్పుడు మెదడులో కంగారుకు సంబంధించిన భాగం నెమ్మదించిందని 2007లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు ప్రచురించారు.

ఈ పటాన్ని మన బళ్లలో ఇంగ్లిష్‌లోనే అతికించడం చూశాను. తెలుగులో ఈ సరుకు ఎంత ఉందో! నాకు తెలిసిన ఒక తెలుగు టీచరమ్మ తొమ్మిదో తరగతి పిల్లల చేత ‘టెన్షన్’ అన్న మాట వాడకుండా ఆ వారం ఎలా గడిచిందో చీటీ రాయించింది, పేరు రాయక్కర్లేదంది. మొదటి వారం సగం చీటీలు ఖాళీగా వచ్చాయి. అప్పుడామె బోర్డు మీద బెంగ, గుబులు, ఉక్రోషం, అలక, నామోషీ, బెరుకు అని రాసి, ఒక్కోదానికి ఇంట్లో జరిగే ఉదాహరణ చెప్పించింది. రెండో వారం ఒక చీటీలో ఇలా ఉంది: “నాన్న ఫీజు ఇంకా కట్టలేదని సార్ అందరిలో పేరు చదివారు. నాకు వచ్చింది కోపం అనుకున్నా. నామోషీ.”

ఈ మాటలు వేరయితే చెయ్యాల్సిన పనీ వేరవుతుంది. బెంగ అయితే అమ్మకు ఒక ఫోన్, వారం ముందే ఒక అవుటింగ్. ఉక్రోషమైతే కాసేపు ఒంటరిగా వదిలెయ్యాలి, అప్పుడు సముదాయిస్తే ఇంకా రేగుతుంది. అలక అయితే వదిలెయ్యకూడదు, అడగాలని ఎదురుచూస్తున్నాడని అర్థం. నామోషీ అయితే మారాల్సింది పిల్లాడు కాదు, పేర్లు చదివే సార్. అన్నిటికీ టెన్షన్ అనే పేరు పెడితే అన్నిటికీ ఊపిరి పీల్చి వదలమనే చెప్తాం.

ఇప్పుడు అసలు చిక్కు: ఇదంతా ఎవరు చెయ్యాలి? దీనికి మన దేశంలోనే మంచి జవాబు దొరికింది, మన దగ్గర దాని గురించి మాట్లాడుకున్నది తక్కువ. బీహార్‌లో నలంద జిల్లా. 74 ప్రభుత్వ హైస్కూళ్లు. గోవాకు చెందిన సంగత్ సంస్థ అక్కడ ‘సెహర్’ అనే ప్రయోగం చేసింది. ప్రభుత్వం నడిపే కౌమార విద్య పాఠాలు అన్ని బళ్లకూ ఉన్నాయి. కొన్ని బళ్లలో అదనంగా స్థానిక యువతీయువకుల్లో ఒకరిని పెట్టారు. సైకాలజీ డిగ్రీలేమీ లేవు, కొంత శిక్షణ మాత్రం ఇచ్చారు. ఇంకొన్ని బళ్లలో అదే పని అదే బడి టీచరుకు ఇచ్చారు. మిగతావాటిలో ప్రభుత్వ పాఠాలే. ఆ పనిలో మహా విశేషాలేం లేవు. ప్రార్థన సమయంలో ఒక విషయం మాట్లాడటం, గోడపత్రిక నడపడం, పిల్లలు ఫిర్యాదో బాధో రాసి వేసే పెట్టె ఒకటి పెట్టడం, వచ్చినవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడటం. అంతే.

2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బయటి మనిషి ఉన్న బళ్లలో బడి వాతావరణం మెరుగైంది, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి, దిగులు లక్షణాలు తగ్గాయి. టీచరుకు అప్పగించిన బళ్లలో, ఏమీ అదనంగా చెయ్యని బళ్లకూ వీటికీ తేడా కనబడలేదు. పని అదే, పెట్టె అదే. 2020లో ప్రచురించిన తర్వాతి విడత ఫలితాల్లోనూ ఇదే తీరు.

దీన్ని చూపించి టీచర్లను తప్పుబట్టేవాళ్లుంటారు, నాకు మాత్రం వేరేలా కనబడుతుంది. టీచరుకు సిలబస్ ఉంది, మధ్యాహ్న భోజనం లెక్క ఉంది, యాప్‌లో ఫొటోలు ఎక్కించే పనుంది. పైగా పొద్దున మార్కుల కోసం కేకలేసిన మనిషి దగ్గరికే మధ్యాహ్నం వెళ్లి మనసు విప్పాలంటే ఏ పిల్లాడికైనా కష్టమే. బ్రిటన్‌లోనూ టీచర్ల చేత 11–14 ఏళ్ల పిల్లలకు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణం మీద మనసు నిలపడం, నేర్పిస్తూ 85 బళ్లలో పెద్ద ప్రయోగం చేశారు. మామూలు పాఠాల కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని 2022లో తేలింది.

సుప్రీంకోర్టు పీరియడ్ పెంచమనకుండా మనిషిని పెట్టమనడంలో ఉన్న విలువ ఇక్కడే ఉంది. ఆ మనిషి ఏ సబ్జెక్టూ చెప్పకుండా, ఏ మార్కులూ వెయ్యకుండా ఉండగలడా అన్నది చూడాలి. టీచరు సెలవు పెట్టిన రోజున “మీరు ఖాళీయే కదా మేడమ్” అని క్లాసుకు పంపడం మొదలైతే నలందలో టీచరు బళ్ల ఫలితమే మళ్లీ వస్తుంది.

తీర్పు వచ్చిన కొన్ని నెలలకు ఒక జూనియర్ కాలేజీకి వెళ్లాను, చుట్టాలబ్బాయిని చూడటానికి. ఆఫీసు పక్కన కొత్త బోర్డు, ‘కౌన్సెలింగ్ రూమ్’. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే కుర్చీలు రెండు, వాటి మీద కట్టలు కట్టిన వారాంతపు పరీక్షల ఆన్సర్ షీట్లు. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని అటెండర్‌ను అడిగాను. “లెక్కల సార్ దగ్గరండీ” అన్నాడు.