బియ్యం గాలించినట్టే బంగారం: వాగులో పళ్ళెం పట్టేవాడి అపోహలు - వాస్తవాలు

మాది వనపర్తి. ఉద్యోగం మీద న్యూజిలాండ్ పోయి ఆరేళ్ళు ఉన్నాను. అక్కడ నాకో పిచ్చి పట్టుకుంది. శని, ఆదివారాలు వస్తే చాలు, కొండ వాగులో గొంతుక్కూర్చుని పళ్ళెంలో ఇసుక కడిగి బంగారం వెతకడం. ఆ దేశపు దక్షిణ దీవిలో ఓటాగో అనే ప్రాంతం ఉంది. 1861లో అక్కడ బంగారం బయటపడితే ప్రపంచం నలుమూలల నుంచి జనం ఎగబడ్డారు. మరుసటి ఏడాది ఆరో నదిలోనూ దొరికింది. ఆరో అంటే ఆరవది అనుకునేరు, దాని పేరే అది. నేను ఎక్కువగా కూర్చున్నది ఆ నది ఒడ్డునే. మంచు కరిగి వచ్చే నీళ్ళు, పది నిమిషాలకే వేళ్ళు కొంకర్లు పోతాయి. పైగా ఇసుక ఈగలు కుట్టి చంపుతాయి.

తిరిగి వచ్చాక ఈ సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. ఇప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్ళలో సగం మంది జేబులో ఏదో ఒక రాయి పెట్టుకుని వస్తారు. "అన్నా, ఒక్కసారి చూసి చెప్పు" అంటారు. చూసీ చూసీ, చెప్పీ చెప్పీ విసిగి ఇది రాస్తున్నాను.

అపోహ: వాగులో పచ్చగా మెరిసింది బంగారమే

మా మేనమామ ఒకరోజు సిమెంటు సంచిలో పది కిలోల ఇసుక మోసుకొచ్చాడు. "అల్లుడా, దీన్ని ఎండలో పెట్టి చూడు, కళ్ళు చెదిరిపోతయ్" అన్నాడు. నిజంగానే చెదిరాయి. అదంతా అభ్రకం.

మన పాలమూరు, నల్లగొండ నేల ఎక్కువగా గ్రానైటు, దాని చుట్టాలైన రాళ్ళు. వాటిలో నల్ల అభ్రకం ఉంటుంది. అది ఎండకూ వానకూ నాని పాతబడితే రంగు మారి పసుపు పచ్చగా, అచ్చం బంగారు రేకులా అవుతుంది. కాకిబంగారం అనే మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

గుర్తుపట్టడం చాలా తేలిక. చేతిలో పోసుకుని నీడలోకి నడవండి. అభ్రకం ఎండలో ఒక కోణంలో తళుక్కుమంటుంది, నీడలోకి రాగానే చప్పబడుతుంది. బంగారం ఎండలో ఎంత పచ్చగా ఉందో నీడలోనూ అంతే పచ్చగా ఉంటుంది. అది తళుక్కుమనదు, నిదానంగా వెలుగుతుంది. ఒక్కసారి నిజమైన రేణువును చూసినవాడు మళ్ళీ అభ్రకం దగ్గర మోసపోడు. నీళ్ళలో ఊపితే అభ్రకం ఎండుటాకులా తేలి పోతుంది, బంగారం కదలనంటుంది. ఇక గుండుసూదితో గుచ్చండి. అభ్రకం పొరలు పొరలుగా ఊడుతుంది. కొందరు తెచ్చే ఇత్తడి రంగు గళ్ళ రాయి ఉంటుంది, పైరైట్ అంటారు. అది సుత్తి దెబ్బకు పొడి అవుతుంది, ఆ పొడి ఆకుపచ్చ కలిసిన నలుపు. బంగారం పగలదు, సాగుతుంది. ఇంకా అనుమానం ఉంటే మీ కంసాలి దగ్గర గీటురాయి ఉంటుంది, ఆయన చెప్పేస్తాడు. ల్యాబులు అక్కర్లేదు.

మామ ఆ సంచిని ఇప్పటికీ పారబోయలేదు. "ఏమో, ఉండనీ" అంటాడు.

అపోహ: నల్ల ఇసుక కనిపిస్తే కింద బంగారం ఉన్నట్టే

దీనిలో సగం నిజం ఉంది, అందుకే ఇంత గట్టిగా పాతుకుంది. పళ్ళెంలో బంగారం మిగిలినప్పుడల్లా దాని చుట్టూ నల్ల ఇసుక కూడా మిగులుతుంది. రెండూ బరువైనవి కాబట్టి. కానీ దాన్నే తిరగేసి, నల్ల ఇసుక ఉన్నచోటల్లా బంగారం అంటే లెక్క తప్పుతుంది.

మొదటి వాన పడి వెలిశాక మీ ఇంటి ముందు మట్టి రోడ్డు చూడండి. నీళ్ళు పారిన చోట ఎవరో కాటుక గీసినట్టు సన్నటి నల్ల చారలు ఉంటాయి. చిన్నప్పుడు పాత స్పీకరులోని అయస్కాంతం పీకి ఆ చారల మీద ఆడించని పిల్లవాడు మా బజారులో లేడు. మీసాలు మొలిచినట్టు అంటుకునేది. అదే మాగ్నటైట్, గ్రానైటులో ఉండే ఇనుప ఖనిజం. మామూలు ఇసుక కంటే రెండింతల బరువు, అందుకని వాన నీళ్ళే దాన్ని వేరు చేసి పెడతాయి. దానికీ బంగారానికీ చుట్టరికం బరువు వరకే. ఆ లెక్కన బంగారం ఉంటే వనపర్తి మురికి కాలువలన్నీ ఎప్పుడో వేలం పాడేవాళ్ళు.

అపోహ: కొండల్లోకి, అడవిలోకి వెళితేనే దొరుకుతుంది

న్యూజిలాండ్‌లో ఇది నిజమే. అక్కడ కొండల రాయిలోనే బంగారం ఉంది. మంచుగడ్డలూ నదులూ ఆ కొండల్ని అరగదీసి కింద వాగుల్లో పోశాయి. అందుకే కొండ వాగు వెంట పైకి వెళతాం. అక్కడి వీడియోలు చూసి మన కుర్రాళ్ళు నల్లమల వైపు చూస్తున్నారు. బైకులేసుకుని మల్లెలతీర్థం జలపాతం దాకా పోయి వాగులో పళ్ళెం పెడదామా అని నన్నడిగినవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర కథ తలకిందులు. నల్లమల కొండలు చాలావరకు సముద్రపు ఇసుకా బురదా గట్టిపడి ఏర్పడిన రాళ్ళు. మన బంగారం ఉన్నది వాటికంటే ఎంతో పాతవైన, ఆకుపచ్చ ఛాయ కలిగిన నల్లరాతి పట్టీల్లో. వీటిని షిస్టు పట్టీలంటారు. గ్రానైటు నేల మధ్యలో సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. గద్వాల పట్టీ అలాంటిదే, అది కృష్ణ, తుంగభద్రల నడుమ నుంచి కర్నూలు జిల్లాలోకి పోతుంది. నల్లగొండ జిల్లాలో పెద్దవూర పట్టీ ఉంది. కర్నూలు వైపు జొన్నగిరి, రాయచూరు వైపు హట్టి కూడా ఈ కుటుంబమే. హట్టిలో ఇప్పటికీ గని నడుస్తోంది. 1956 దాకా రాయచూరు మన హైదరాబాద్ రాష్ట్రంలోదే, కాబట్టి ఒకప్పుడు హట్టి బంగారం నిజాం బంగారం.

ఈ పట్టీలు చూడ్డానికి ఎలా ఉంటాయనుకున్నారు? పత్తి చేలు, కంది చేలు, అక్కడక్కడా చిన్న దిబ్బలు. జలపాతాలు లేవు, ఫొటోలకు పనికిరావు. పట్టీ ఉన్నంత మాత్రాన ప్రతి చేలోనూ బంగారం ఉండదు, అది వేరే మాట. కానీ పట్టీయే లేని చోట వెతకడమంటే మామిడి తోటలో చింతకాయలు ఏరుకోవడమే.

ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. రాయచూరు జిల్లా మస్కిలో అశోకుడి శాసనం ఉంది. అంతవరకూ దొరికిన శాసనాల్లో దేవానాంపియ అనే బిరుదే కనిపించేది. ఆ బిరుదు అశోకుడిదే అని పేరుతో సహా తేల్చింది మస్కి శాసనం. దాన్ని 1915లో కనిపెట్టినవాడు చరిత్రకారుడు కాదు, బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. నాకు తెలిసి మా వృత్తిలో ఎవరికీ అంతకంటే విలువైనది దొరకలేదు.

అపోహ: తెల్ల పలుగురాయి ఉంటే బంగారం ఉంటుంది

హట్టి లాంటి గనుల్లో బంగారం రాతిలో నరాల్లా పాకిన పలుగురాయి చారల్లోనే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పాలమూరులో పలుగురాయి లేని ఊరు చూపించండి. గాజుకూ టైల్స్‌కూ లారీల్లో తరలిపోయేది అదే. వాటిలో నూటికి తొంభైతొమ్మిది ఉట్టి పలుగురాళ్ళే.

అపోహ: బంగారం తీయడానికి ఏదో రహస్య విద్య కావాలి

మా అవ్వకు ఆ విద్య వచ్చు. రేషన్ బియ్యం వండే ముందు రెండు గిన్నెలు పెట్టుకుని, నీళ్ళు పోసి, ఊపి ఊపి బియ్యాన్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి జారవిడిచేది. చివర్న అడుగున నాలుగు మట్టి గడ్డలు, రాళ్ళు మిగిలేవి. గాలించడం అంటే అదే. నేను ఆరో నదిలో చేసిందీ అదే. తేడా ఏమిటంటే అవ్వ మిగిలిన రాళ్ళు పారేసేది, మేము అవే దాచుకుంటాం.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే బరువుల వల్ల. ఇసుక నీటికంటే సుమారు 2.65 రెట్లు బరువు, స్వచ్ఛమైన బంగారం 19.3 రెట్లు. నీళ్ళలో ముంచితే రెండింటి బరువులోనూ కొంత నీరే మోస్తుంది కాబట్టి తేడా ఇంకా పెరిగి దాదాపు పదకొండు రెట్లు అవుతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు, నీళ్ళు చల్లి కడిగేయాలని తొందరపడటం. ముందు పళ్ళెం నిండా నీళ్ళుండగా గట్టిగా అటూ ఇటూ కుదపాలి. బరువైనది అడుగుకు చేరాలి. ఆ తర్వాతే పై పొరను కొంచెం కొంచెం వదలాలి. మళ్ళీ కుదపాలి, మళ్ళీ వదలాలి. నా పని ఎనభై పాళ్ళు కుదపడమే.

పళ్ళెం జిడ్డుగా ఉంటే సన్న రేకులు నీటి మీద తేలి పోతాయి. బంగారం తేలడమేమిటి అంటారు, నేనూ మొదట్లో నమ్మలేదు. నీటి పైపొర బిగువు సన్న రేకును మోస్తుంది, దోమ నీళ్ళ మీద నిలబడినట్టు. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు ఒక్క చుక్క వేస్తే మునుగుతుంది. వంటింటి స్టీలు తాంబాళంతో మొదలుపెట్టేవాళ్ళకు ముందు ఎదురయ్యే నష్టం ఇదే.

ఇక ఎక్కడ తవ్వాలి? వాగు మధ్యలో మెత్తటి ఇసుక తవ్వితే నడుం నొప్పే మిగులుతుంది. నీటి వేగం ఒక్కసారిగా తగ్గే చోటు చూడాలి. మలుపు లోపలి వైపు, పెద్ద బండ వెనక, అడుగు బండలో అడ్డంగా ఉన్న పగుళ్ళు, వరద వచ్చినప్పుడు మునిగే గట్టు మీది గడ్డి వేర్లు. ఓటాగోలో నాకు మంచి రేకులు దొరికింది చెంచాతో గోకిన పగుళ్ళలో, గడ్డి వేళ్ళు కడిగిన నీళ్ళలో. పార పట్టిన రోజుల్లో కాదు.

అపోహ: రోజుకో గ్రాము తీసినా జీవితం సెటిల్

లెక్క వేద్దాం. అర మిల్లీమీటరు పొడవు, అంతే వెడల్పు, దానిలో పదో వంతు మందం ఉన్న రేకు ఒకటి అనుకోండి. కంటికి బాగానే కనపడుతుంది, చూస్తే గుండె కొట్టుకుంటుంది. దాని బరువు పావు మిల్లీగ్రాము. అంటే గ్రాముకు నాలుగు వేల రేకులు కావాలి. ఒక్కో పళ్ళేనికి రెండు రేకులు వస్తే ఆ రోజు పండగే. మిగతాది మీరే వేసుకోండి.

ఆరేళ్ళలో నేను పోగేసింది మూడు గ్రాములు దాటలేదు. చిన్న గాజు సీసాలో నీళ్ళు పోసి ఉంచాను, నీళ్ళలో పెద్దగా కనపడుతుంది మరి. కారు పెట్రోలుకు పెట్టిన డబ్బుతో మా ఆవిడకు గొలుసు చేయించి ఉండవచ్చు. ఈ మాట ఆమె నెలకొకసారి గుర్తు చేస్తుంది. పైగా వాగు బంగారం ఇరవై నాలుగు క్యారెట్లు కాదు, దానిలో ప్రకృతే కొంత వెండి కలిపి పెడుతుంది.

అపోహ: పాదరసం పోస్తే పని సులువు

దీని మీద మాత్రం నాకు ఎగతాళి రాదు. పాదరసం సన్న బంగారాన్ని పట్టుకుంటుంది, నిజం. తర్వాత దాన్ని వేడి చేసి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు, మూత్రపిండాలకు పోతుంది. వాగులో ఒలికినది చేపల్లోకి చేరుతుంది. వంటింట్లో పొయ్యి మీద చేస్తే పక్క గదిలో నిద్రపోయే పిల్లలకూ అందులో వాటా. సరదాకు చేసేవాడికి పాదరసం అవసరం ఏ కోశానా లేదు. నల్ల ఇసుకను ఆరబెట్టి, కాగితం చుట్టిన అయస్కాంతంతో లాగేస్తే మిగిలిన దాన్ని చేటలో చెరిగినట్టు మెల్లగా ఊదుకోవచ్చు. ఓపిక కావాలి, అంతే.

అపోహ: మెషిన్ కొంటే అదే చూపిస్తుంది

మాకు తెలిసిన ఒకాయన అరవై వేలు పెట్టి ఒక యంత్రం తెప్పించాడు. రెండు కడ్డీలు, ఒక డబ్బా, అర కిలోమీటరు దూరంలో ఉన్న బంగారం వైపు కడ్డీ తిరుగుతుందట. బోరు పాయింటుకు కొబ్బరికాయ పట్టుకునే పద్ధతికే బ్యాటరీలు పెట్టారు. అసలైన మెటల్ డిటెక్టర్ వేరు, అది పనిచేస్తుంది, కానీ కాస్త పెద్ద ముక్కలకే. పావు మిల్లీగ్రాము రేకును అది పట్టలేదు. మన నేలలోని మాగ్నటైట్‌కు, సోడా మూతలకు మాత్రం చక్కగా మోగుతుంది.

అపోహ: చేతి పళ్ళేనికి ఎవరు అడ్డం చెప్తారు?

న్యూజిలాండ్‌లో ప్రభుత్వమే కొన్ని నదీ భాగాలను సరదా వెతుకులాటకు కేటాయించింది. అక్కడ చేతి పనిముట్లతో ఎవరైనా వెతకవచ్చు, దొరికింది ఉంచుకోవచ్చు. అనుమతి పత్రం కూడా అడగరు.

మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఖనిజం వెతకడం, తవ్వడం నేరం. పట్టా పొలం మీదే అయినా అంతే. ఐదేళ్ళ దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. నల్లమలలో అయితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టడమే తప్పు, ఇక వాగు తవ్వడం సంగతి చెప్పేదేముంది. అందుకే నేను వచ్చాక ఇక్కడ ఏ వాగులోనూ పళ్ళెం పెట్టలేదు. అడిగినవాళ్ళకు ఇదే చెప్తే "నీకు దొరికిన చోటు దాస్తున్నవ్" అంటారు. ఏం చేస్తాం.

చేయి ఊరుకోకపోతే ఇంటి పెరట్లో చేసుకోండి. వలలకు కట్టే సీసం గుండ్లు కృష్ణ ఒడ్డు ఊళ్ళలో దొరుకుతాయి. ఒకదాన్ని సుత్తితో రేకులా సాగగొట్టి, బియ్యపు గింజలో సగం ఉండేలా పది ముక్కలు కత్తిరించండి. సీసం ముట్టిన చేతులు కడుక్కోవడం మరవద్దు. ఆ పదింటినీ ఒక బకెట్ ఇసుకలో కలిపి, పెద్ద టబ్బులో నీళ్ళు పోసుకుని గాలించండి. సీసం బంగారమంత బరువు కాదు, కాబట్టి దాన్ని నిలబెట్టినవాడి చేతిలోంచి బంగారం జారదు. పోయినవి టబ్బు అడుగునే ఉంటాయి, మళ్ళీ ఏరుకోవచ్చు. మా మేనల్లుడు మొదటి రోజు నాలుగు తీశాడు, వారానికి తొమ్మిది. పదోది టబ్బులోనూ దొరకలేదు. రాత్రి వాడి చొక్కా మడతలో కనపడింది.