చెప్పకుండా చెప్పిన మాట: అపోహలు, వాస్తవాలు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర గ్రూప్స్ పిల్లలకి తెలుగు చెబుతుంటాను. ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, పరీక్షలో ఇచ్చిన పేరాలో లేని అర్థం మనమే ఊహించుకోవాలా?"

అపోహ: పైకి చెప్పని అర్థం చదివేవాడి ఇష్టం.

వాస్తవం: మార్కులు పోయేది ఇక్కడే. ఇది చూడండి. "కోడలు కాపురానికొచ్చి మూడేళ్లయింది. బీరువా తాళాలు ఇంకా అత్తగారి బొడ్లోనే ఉన్నాయి." దీనికి 'అత్త కోడల్ని వేధిస్తోంది' అని టిక్కు పెట్టేవాళ్లే ఎక్కువ. వేధింపు ఎక్కడుంది? టీవీ సీరియల్లో ఉంది! పేరాలో ఉన్నదల్లా 'ఇంకా', 'బొడ్లోనే'. ఈపాటికి తాళాలు చేతులు మారాల్సిందని చెప్పేవాడి లెక్క. అంతవరకే మనం తీసుకోవాలి. "కోడలే వద్దందిట" అని తర్వాతి వాక్యం వస్తే మీ టిక్కు గతేంటి?

ఇదేం నా సొంత సిద్ధాంతం కాదు. 11వ శతాబ్దంలో మమ్మటుడనే సంస్కృత కావ్యశాస్త్ర పండితుడు తన కావ్యప్రకాశంలో 'సూర్యుడు అస్తమించాడు' అన్న ఒక్క ముక్క పట్టుకుని, అదే ఒకచోట పశువుల్ని తోలుకురమ్మనీ, ఒకచోట సంధ్య వార్చమనీ, ఇంకోచోట సరుకు సర్దేయమనీ ఎలా అర్థమిస్తుందో చూపించాడు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో, ఎక్కడ, ఎప్పుడు అన్నారో చూడమన్నాడు. సుల్తాన్ బజార్లో బట్టలమ్మే అతను రాత్రి పూట "టైమైందమ్మా" అంటే రేటు దిగుతుందని మా ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. మమ్మటుణ్ణి చదవకుండానే.

అపోహ: దీనికి పుట్టుకతో భావుకత ఉండాలి.

వాస్తవం: బీటెక్ చేసిన ఒకమ్మాయి "నాకు సాహిత్యం ఎక్కదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీ హాస్టల్ ఆంటీ 'ఈ నెల కరెంటు బిల్లు మోత మోగిందమ్మా' అంటే ఏం చేస్తావు?" అన్నాను. "గీజర్ వెంటనే కట్టేస్తాను సార్." కట్టెయ్యమని ఆంటీ అన్నదా? అనలేదు. ఆ పిల్లకి అన్నీ వచ్చు. పరీక్ష కాగితం చూస్తేనే భయం.

అపోహ: నిఘంటువు ఉంటే చాలు.

వాస్తవం: పై కోడలి వాక్యంలో మీకు తెలియని మాట ఏదైనా ఉందా?

అపోహ: ప్రతి వాక్యం వెనకా ఏదో దాగి ఉంటుంది.

వాస్తవం: ఉండదు. రేపు మీ ఏరియాకి నీళ్లు రావని జలమండలి ప్రకటిస్తే, రేపు నీళ్లు రావు. బకెట్లు నింపుకోండి.