నౌపడ నుంచి గుణుపురం దాకా

చిరంజీవులకు ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వెళ్లే రైలు మీకు తెలిసినప్పటి నుంచీ పెద్ద రైలే. కానీ 2004 దాకా ఆ దారిలో నడిచింది నేరోగేజి బండి. బ్రాడ్‌గేజిలో రెండు పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లైతే, అక్కడ 762 మాత్రమే. ఆ లైను పుట్టుకకూ, దాని ఇంజన్ల తీరుకూ, చివరికి అది ఆగిపోవడానికీ ఈ కొలతే కారణం.

హౌరా–మద్రాసు మార్గం నౌపడ మీదుగా పోతుంది; పర్లాకిమిడి అక్కడికి సుమారు నలభై కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. తన పట్టణాన్ని ఆ మార్గంతో కలపాలని జమీందారు గౌరచంద్ర గజపతి సంకల్పించి, సంస్థానం సొమ్ముతో లైను వేయించగా, 1900లో బండ్లు నడవడం మొదలైంది. సన్నని దారికి కట్ట వెడల్పు తక్కువ, వంతెనలు చిన్నవి, పట్టాలు తేలిక. మలుపు ఎంత ఇరుకైనా బండి తిరుగుతుంది. ఒక సంస్థానం భరించగలిగింది అలాంటి లైనునే. 1931 నాటికి అది వంశధార లోయ వెంబడి గుణుపురం చేరి, తొంభై కిలోమీటర్లయింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అదే లైను మీది పాతపట్నం ఇవతల తెలుగు వైపే ఉండిపోవడంతో, ఈ చిన్న బండి రెండు రాష్ట్రాల బండి అయింది.

ఇక ఇంజన్ల సంగతి కాస్త తీరిగ్గా చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. తొలినాళ్ల ఇంజన్లలో కొన్ని ఇంగ్లండులోని కెర్ స్టూవర్ట్ కంపెనీ చేసిన ట్యాంకు ఇంజన్లు. వీటికి బొగ్గు, నీళ్లు మోసే టెండరు వెనక విడిగా ఉండదు. రెండూ ఇంజను మీదే ఉంటాయి. అందుకే వాటిని ముందుకైనా వెనక్కైనా ఒకే తీరున నడపవచ్చు, చివరి స్టేషనులో వెనక్కి తిప్పుకోవలసిన పని లేదు. బండిని లాగే చక్రాలు ఆరు. వాటి వెనక ఉన్న నాలుగు చిన్న చక్రాలు బరువులో కొంత పంచుకుని, తేలికపాటి పట్టాలకు భారం తగ్గించేవి.

ఆవిరి ఇంజను చేసే ఛుక్ ఛుక్ శబ్దం ఎక్కడిదో తెలుసా? పిస్టనును తోసి పని ముగించుకున్న ఆవిరిని వృథాగా వదలరు, పొగగొట్టం అడుగున సన్నని గొట్టం గుండా పైకి చిమ్ముతారు. అది విసురుగా పోతూ పొగను తనతో లాక్కుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి కొత్త గాలి బొగ్గుల గుండా దూసుకువచ్చి నిప్పును రాజేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ ఆవిరి వాడుతుంది కనుక మంట కూడా తనంతట తానే పెరుగుతుంది. ఎంత అందమైన ఏర్పాటో ఆలోచించండి! ఫైర్‌మన్ నేర్పల్లా పారతో బొగ్గును పలచగా, సమంగా పరచడంలో ఉండేది. ఒకచోట కుప్పపడితే గాలి ఆడక నల్లపొగ కమ్మేది.

తరవాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. అయినా అసలు చిక్కు తీరలేదు. చిన్న వ్యాగను పెద్ద పట్టాలెక్కదు కాబట్టి, సరుకు పై ఊళ్లకు పోవాలంటే నౌపడలో బస్తా బస్తా దించి మళ్లీ ఎక్కించాలి. అంత శ్రమకన్నా లారీయే నయమని వ్యాపారులు అటు మళ్లారు. పాత ఇంజన్ల మీద ఎంత మమకారం ఉన్నా, గేజి మార్చడమే సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. 2011లో బ్రాడ్‌గేజి మీద బండ్లు మొదలయ్యాక, గుణుపురంలో ఎక్కినవారు నౌపడలో బండి మారకుండానే విశాఖపట్నం చేరుకుంటున్నారు.

మీ తాతయ్య