భాస్వరం దగ్గర ఆగిపోయిన విజయనగరం మాంగనీస్

విజయనగరం జిల్లాలో మాంగనీస్ ప్రస్తావన వస్తే ఇప్పుడు చర్చంతా లీజుల చుట్టూ, ఉక్కులో కలిపే ఇనుప మిశ్రలోహాలు తయారుచేసే ఫెర్రో అల్లాయ్ పరిశ్రమల కరెంటు చార్జీల చుట్టూ తిరుగుతోంది. ఇవి పెద్ద సమస్యలే. కానీ దేశంలో మాంగనీస్ తవ్వకానికి నాంది పలికిన ప్రాంతం ఎందుకు వెనుకబడిందో తెలియాలంటే అసలు ఆ రాయి స్వభావం తెలియాలి.

1890ల తొలి ఏళ్లలో చీపురుపల్లి ప్రాంతంలోని కోడూరులో తవ్వకాలు మొదలయ్యాయి. నేటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోని గనులు ఊపందుకోకముందే ఇక్కడి ఖనిజం ఓడలెక్కి విదేశీ ఉక్కు కొలిములకు చేరింది. పాత రికార్డులు వెతికేవారు ఒకటి గమనించాలి: ఈ గనులు 1950 వరకు విశాఖపట్నం జిల్లాలో, 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి.

బ్రిటిష్ భూవిజ్ఞాని లూయిస్ లీ ఫెర్మోర్ ఇక్కడి గనులను పరిశీలించి, ఖనిజానికి ఆధారమైన శిలకు కోడూరు పేరు మీదుగా ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. దేశ మాంగనీస్ నిక్షేపాలపై ఆయన బృహత్ గ్రంథం 1909లో వెలువడింది. కరిగిన శిలాద్రవం గడ్డకట్టి ఈ రాయి ఏర్పడిందని ఆయన వాదన. పూర్వపు అవక్షేపాలే భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మారిపోయాయని తర్వాతివారిలో పలువురు భావించారు. ఏదేమైనా కోడూరైట్‌లో గార్నెట్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు అపటైట్ ఉంటుంది. చిక్కంతా ఆ అపటైట్‌తోనే, ఎందుకంటే అది భాస్వరం ఉన్న ఖనిజం.

ఉక్కులో మాంగనీస్ గంధకాన్ని కట్టిపడేస్తుంది, బలాన్నిస్తుంది. భాస్వరం అదే ఉక్కును పెళుసుగా మారుస్తుంది. పైగా కొలిమిలో భాస్వరం చాలావరకు లోహంలోనే కలిసిపోతుంది కాబట్టి, భాస్వరం తక్కువున్న ఖనిజాన్ని వేరే చోటి నుంచి తెచ్చి కలపాలి. ప్రపంచ మాంగనీస్‌లో దాదాపు 90 శాతం ఉక్కుకే పోతున్నప్పుడు ఈ ఒక్క లోపమే ధరను శాసించింది. 1950ల్లో గరివిడి పక్కన శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలిసినా రాయి గుణం మారదు కదా.

మాంగనీస్ ఖనిజమంతా ఒక్కటే కాదు. పైరోలుసైట్‌ను పట్టుకుంటే వేళ్లకు నల్లటి మసి అంటుతుంది. సైలోమెలేన్ గట్టిది, తరచూ ద్రాక్షగుత్తిలా బుడిపెలు తేలి ఉంటుంది. బ్రౌనైట్‌లో సిలికా కలిసి ఉంటుంది. ఎండు బ్యాటరీకి కావలసింది మాంగనీస్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న పైరోలుసైట్ రకం. బ్యాటరీల విషయంలో భాస్వరం కన్నా రాగి, నికెల్ వంటి మలినాలను ప్రధానంగా చూస్తారు. గాజులోని పచ్చఛాయ పోగొట్టడానికి, ఇటుకలకు గోధుమ రంగు తేవడానికి కూడా మాంగనీస్ వాడతారు.

నా దృష్టిలో ఈ జిల్లాకు జరిగిన నష్టం ఇక్కడే ఉంది. మన ఖనిజాన్ని ఎప్పుడూ ఉక్కు కొలతతోనే తూచారు. గనుల పక్కన గుట్టలుగా పోసిన తక్కువ రకం ఖనిజంలో డయాక్సైడ్ ఎంతో, భాస్వరం ఎంతో గుట్టగుట్టకూ పరీక్షించి, ఆ ఫలితాలను ఆయా పంచాయతీల్లో తెలుగులో ప్రకటించాలి. మాంగనీస్ ధూళిని ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయని 1837లోనే స్కాట్లాండ్ వైద్యుడు కూపర్ రాశాడు. కాబట్టి గుట్టలు కదిపేముందు కూలీల ఆరోగ్య పరీక్షలకు గనుల లీజుదారులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ నిధి నుంచే డబ్బు కేటాయించాలి.